ఇంటిపన్ను రసీదు వెనుక కంటెయినర్లు

ప్రతి సంవత్సరము ఏప్రిల్ మాసాంతమున ఆంధ్రప్రదేశ్ పురపాలక కార్యాలయములయందు జనసమ్మర్దము హెచ్చును. ఆస్తిపన్ను ఏడాదికి రెండు అర్ధసంవత్సరములుగా విధింపబడుచున్నను, సంవత్సరమంతటి పన్నును ఏప్రిల్ 30వ తేదీలోగా ఒక్కసారిగా చెల్లించిన యజమానికి నూటికి 5 వంతున రాయితీ లభించుచుండుట దీనికి కారణము. 1983లో పురపాలక సంఘముగా ఏర్పడి, 2011 జనాభా లెక్కల నాటికే 57 వేల పైచిలుకు జనులు గల మాచర్లవంటి పట్టణమున ఒక గృహస్థు తన ఫోనునందు అసెస్‌మెంటు నంబరును నమోదుచేసి, బాకీ చూచుకొని, డబ్బు చెల్లించి, రసీదు పొందుటకు కొద్ది నిమిషములు చాలును. కాని ఆ కొద్ది నిమిషములలో తెరవెనుక జరుగవలసిన పనులు ఒకటి రెండు కావు. చెల్లించువాడెవడో గుర్తింపవలెను, ఆ ఇంటి విస్తీర్ణమును, కట్టడపు తరగతిని బట్టి నిర్ణయమైన డిమాండును వెదకి తీయవలెను, పాతబాకీపై వడ్డీ కట్టవలెను, రాయితీ వర్తించునో లేదో తేల్చవలెను, బ్యాంకునకు పంపి, అక్కడినుండి వచ్చిన సమాధానము నమ్మదగినదా యని పరీక్షింపవలెను, పురపాలక ఖాతాలలో జమ వ్రాయవలెను, తెలుగులో రసీదు కూర్చవలెను, తుదకు ఫోనునకు ఒక సందేశము పంపవలెను. ఇట్టి పనులను వేరువేరు సర్వీసులుగా విభజించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క కంటెయినరులో నిలిపి, అన్నిటిని కలిపి ఒకే అప్లికేషనుగా నడుపు విధానమును వివరించుటయే ఈ వ్యాసమున తలపెట్టిన పని.

ఈ విషయమున ఆంధ్రప్రదేశమునకు ప్రత్యక్షానుభవము కలదు. నందన్ నిలేకని, శ్రీకాంత్ నాధముని 2003లో బెంగుళూరున స్థాపించిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థ పురపాలక పరిపాలనకై నిర్మించిన సాఫ్టువేరు గత దశాబ్దపు నడుమ రాష్ట్రమందలి 110 పట్టణ స్థానిక సంస్థలకు విస్తరించినది. ఆస్తిపన్ను, కుళాయి కనెక్షన్లు, వ్యాపార లైసెన్సులు, వివాహముల నమోదు, ఫిర్యాదులు, జమాఖర్చులు, ఇవన్నియు జావా భాషలో వ్రాయబడిన ఒకే మహా అప్లికేషనులో విభాగములుగా ఉండెడివి. దాని మూలకోడును ఎవరైనను చదువుకొనుటకు వీలుగా బహిరంగముగా ఉంచుట మిక్కిలి మెచ్చదగిన సంగతి.

అట్టి ఏకఖండ నిర్మాణమును తక్కువచేసి మాటాడుట న్యాయము కాదు. ఒక్కచోట వ్రాయబడి ఒక్కచోట నడచు ప్రోగ్రామునందు లోపమును వెదకుట సులభము; ఒక భాగము మరియొక భాగమును పిలుచుటకు నెట్‌వర్కు దాటవలసిన అగత్యము లేదు; డేటాబేసులో జరుగు వ్రాతలన్నియు పూర్తిగా జరుగును, లేనిచో పూర్తిగా రద్దగును. అయినను, వివాహ నమోదు పత్రములో ఒక గడిని మార్చవలెనన్నను సమస్తమును మరల నిర్మించి, సమస్తమును ఆపి, మరల మొదలుపెట్టవలసివచ్చుట, పన్ను వసూళ్ళ ఒత్తిడి హెచ్చినపుడు ఆ ఒక్క విభాగమునకే బలము చేకూర్పలేక మొత్తము అప్లికేషనుకు మరియొక ప్రతిని నిలుపవలసివచ్చుట, ఒక విభాగము మెమరీని అంతయు మ్రింగివేసినచో తక్కిన విభాగములన్నియు దానితోపాటు కూలుట, ఇవి ఆ నిర్మాణమునకు సహజమైన బాధలు. ఈగవర్నమెంట్స్ ఫౌండేషనే తరువాత డిజిట్ అను పేర నిర్మించిన వేదికలో ఈ మహాసౌధమును విడదీసినది. అందు వాడుకరులను గుర్తించుటకు ఒక సర్వీసు, క్రమసంఖ్యలు పుట్టించుటకు మరియొకటి, ఫైళ్ళు దాచుటకొకటి, తెరపై కనబడు మాటలను పలు భాషలలో అందించుటకొకటి, బిల్లులకొకటి, వసూళ్ళకొకటి, ఎస్సెమ్మెస్ సందేశములకొకటి, ఇట్లు అనేకములు కలవు. వానికి ముందు ఒక గేట్‌వే నిలిచి వచ్చిన ప్రతి అభ్యర్థనను తగిన చోటికి పంపును. డేటా పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసులో నిలుచును. సర్వీసుల నడుమ వార్తలు కాఫ్కా అను సందేశవాహక సాఫ్టువేరు ద్వారా సాగును. ప్రతి సర్వీసును కంటెయినరుగా కూర్పబడి, పలు కంటెయినర్లను నిర్వహించు కుబర్నెటీస్ అను సాఫ్టువేరు పర్యవేక్షణలో నడచును.

విభజించినంతనే క్రొత్త చిక్కులు పుట్టినవి. ఒక సర్వీసు జావా 8తో వ్రాయబడినది, వేరొకటి జావా 17ను కోరును. రసీదులు కూర్చునది నోడ్ మీద నడచును. మరియొకదానికి పైథాను వలయును. వీనినన్నిటిని ఒకే సర్వరులో ఒకదాని ప్రక్కన ఒకటి స్థాపింపబోయినచో, ఒకదానికి కావలసిన లైబ్రరీ సంచిక మరియొకదానికి సరిపడదు. ఇంజనీరు ల్యాప్‌టాపునందు చక్కగా నడచినది సర్వరులో నడువదు. ఏ ఫైలు కొరవడినదో, ఏ సెట్టింగు మారినదో తెలియక రాత్రులు గడచును. పూర్వము ఈ వివరములు ఒక అనుభవజ్ఞుని మనస్సులోనో, అతని నోటుపుస్తకములోనో ఉండెడివి. అతడు ఉద్యోగము మారినచో ఆ జ్ఞానమును అతనితోనే వెడలిపోయెడిది. కంటెయినర్లు ముఖ్యముగా పరిష్కరించిన సమస్య ఇదియే యని నా నిశ్చితాభిప్రాయము. వేగమును గూర్చి, పొదుపును గూర్చి ఎందరో చెప్పుదురు, అవి నిజమే. కాని ఒక అప్లికేషనును నిర్మించి నడుపుటకు కావలసిన జ్ఞానమంతయు, పదుగురు చదువదగిన, తప్పులు దిద్దదగిన, మరల మరల అమలుజరుపదగిన వ్రాతగా మారుట వానికంటె గొప్ప లాభము.

కంటెయినరు యంత్రము కాదు. యంత్రమునకు నకలును కాదు. అది లైనక్స్ ఆపరేటింగు సిస్టము కేంద్రభాగమైన కెర్నెల్ అధీనమున నడచు సామాన్యమైన ప్రాసెస్ మాత్రమే. దానికి కెర్నెల్ రెండు విధములైన హద్దులు ఏర్పరచును. మొదటిది దృష్టికి సంబంధించినది: నేమ్‌స్పేసులనబడు ఏర్పాటువలన ఆ ప్రాసెస్‌కు తన ఫైళ్ళు మాత్రమే కనబడును, యంత్రములో వేలకొలది ప్రాసెస్‌లు నడచుచున్నను, తానే మొదటి సంఖ్య గల ప్రాసెస్‌నని అది భావించును, దానికి తనదైన నెట్‌వర్కు చిరునామా, తనదైన యంత్రనామము ఉండును. రెండవది వినియోగమునకు సంబంధించినది: సీగ్రూపులనబడు ఏర్పాటు, ఆ ప్రాసెస్ ఎంత మెమరీ వాడవచ్చునో, ఎంత ప్రాసెసరు కాలము పొందవచ్చునో నిర్ణయించును. నాగార్జునసాగర్ కుడికాలువనుండి ఏ మేజరు కాలువకు ఎంత నీరు పోవలెనో తూముల తలుపులు నిర్ణయించి, ఎగువవారే సర్వమును వాడుకొనకుండ దిగువ ఆయకట్టును కాపాడు రీతిగానే, ఒక సర్వీసు పెచ్చుపెరిగి తక్కిన సర్వీసుల వంతును హరింపకుండ ఇది కాపాడును. ప్రతి అప్లికేషనుకు ప్రత్యేకమైన కెర్నెల్‌తో సంపూర్ణ ఆపరేటింగు సిస్టమును మోయు వర్చువల్ యంత్రముతో పోల్చినచో, కంటెయినరు ఆరంభమగుటకు సెకనులో కొంతభాగము చాలును. అయితే యంత్రములోని కంటెయినర్లన్నియు ఒకే కెర్నెల్‌ను పంచుకొనును గనుక, ఆ కెర్నెల్‌లో రంధ్రము ఏర్పడినచో అన్నిటికిని అపాయమే. అందుచేతనే కంటెయినరులోని ప్రాసెస్‌ను సర్వాధికారియైన రూట్ వాడుకరిగా నడుపరాదని తెలిసినవారు పట్టుబట్టుదురు.

ఈ భావన ఒక్కనాడు పుట్టినది కాదు. ఒక ప్రాసెస్‌కు ఫైళ్ళ వృక్షమునందు ఒక శాఖనే మూలముగా చూపు ఏర్పాటు 1979లో యూనిక్స్ ఏడవ సంచికలోనే కలదు. 2000లో ఫ్రీబీఎస్‌డీలో జైళ్ళనబడునవి వచ్చినవి. గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ 2006లో ఆరంభించిన సీగ్రూపుల పని 2008 జనవరిలో వెలువడిన లైనక్స్ 2.6.24 సంచికలో చేరినది. ప్రాసెసరు కాలమును సమూహములకు న్యాయముగా పంచు భాగమును వ్రాసిన శ్రీవత్స వడ్డగిరి, మెమరీ వాడుకను లెక్కించి నియమించు భాగమును పావెల్ ఎమెల్యానోవ్‌తో కూడి రచించిన బల్బీర్ సింగ్, ఇరువురును ఐబీఎం సంస్థ భారత విభాగమున పనిచేసినవారు. నేడు ప్రపంచమంతట నడచుచున్న కంటెయినర్ల పునాదిలో మన దేశమున కూర్చున్నవారి హస్తమున్నదని మన విద్యార్థులకు చెప్పువారు అరుదు, అందుచే ఇచట చెప్పుచున్నాను. ఈ పరికరములన్నియు సిద్ధముగా ఉన్నను వానిని వాడుట నిపుణులకే సాధ్యమై యుండెను. 2013 మార్చి 15న అమెరికాలోని శాంటాక్లారాలో జరిగిన పైథాను ప్రోగ్రామర్ల సభలో సాల్మన్ హైక్స్ ఐదు నిమిషముల ప్రసంగమున డాకర్ అను పరికరమును ప్రదర్శించిన పిదప ఆ శక్తి సామాన్య ప్రోగ్రామరు చేతికి అందినది.

డాకర్ తెచ్చిన ముఖ్యమైన వస్తువు ఇమేజి. అప్లికేషను నడచుటకు కావలసిన సమస్త ఫైళ్ళను, అనగా మూలమైన చిన్న లైనక్స్ ఫైళ్ళు, జావా, లైబ్రరీలు, మన ప్రోగ్రాము, అన్నిటిని పొరలుపొరలుగా పేర్చి కట్టిన మూట ఇది. ఏ పొరలో ఏమి చేరవలెనో డాకర్‌ఫైలు అను చిన్న పాఠములో వరుసగా వ్రాయుదుము. ప్రతి పొరకు దానిలోని విషయమునుబట్టి షా-256 పద్ధతిన ఒక ముద్ర లెక్కింపబడును. ఒక్క అక్షరము మారినను ముద్ర మారును. కావున గుంటూరులో కట్టిన ఇమేజియు, మాచర్లలో దించుకొన్న ఇమేజియు ఒక్కటేనని ముద్ర చూచి నిశ్చయింపవచ్చును. పంక్తుల వరుసకు గొప్ప ప్రాధాన్యము కలదు: ఒక పంక్తి మారినచో దాని తరువాతి పొరలన్నియు మరల కట్టబడును. తరచుగా మారు మన ప్రోగ్రామును ముందు ఉంచి, అరుదుగా మారు లైబ్రరీలను తరువాత ఉంచినవాడు, ఒక్క చుక్క దిద్దినపుడెల్ల లైబ్రరీలన్నిటిని మరల దించుకొనుచు కాలము గడపవలసివచ్చును.

ఇమేజిని ఎంత చిన్నదిగా ఉంచిన అంత మేలని పాఠ్యపుస్తకములు బోధించును. ఆల్పైన్ లైనక్స్ మూల ఇమేజి సుమారు 5 మెగాబైట్లు మాత్రమే. పట్టణములలో నెట్ వేగము అంతంతమాత్రమైన చోట ఇది నిజముగా ఉపకరించును. కాని తెలుగువారికి ఇందొక ప్రత్యేకమైన ఆపద పొంచియున్నది. ఇట్టి చిన్న ఇమేజిలలో తెలుగు ఖతులుండవు. ఇంజనీరు ల్యాప్‌టాపులో ఖతులున్నందున రసీదు చక్కగా అచ్చగును. అదే సర్వీసు కంటెయినరులో నడచినపుడు యజమాని పేరుండవలసిన చోట ఖాళీ చతురస్రముల వరుస అచ్చగును. సిలికానాంధ్ర సంస్థ బహిరంగ లైసెన్సుతో వెలువరించిన మల్లన్న, గిడుగు, రామభద్ర మొదలగు ఖతులనో, గూగుల్ వారి నోటో తెలుగు ఖతినో ఇమేజిలో ఒక పొరగా చేర్చిన పిదప చతురస్రములు పోవును; అయినను పని ముగిసినదనరాదు. తెలుగు లిపిలో అక్షరములు పక్కపక్కన పేర్చినంతమాత్రమున పదము కాదు. "మాచర్ల" యను మూడక్షరములలోనే "ర్ల" యను సంయుక్తాక్షరము కలదు. కంప్యూటరులో అది రకారము, పొల్లు, లకారము అను మూడు సంకేతములుగా నిలువయుండును. వానిని కలిపి ఒత్తును తగిన స్థానమున అమర్చుటకు హార్ఫ్‌బజ్ వంటి లిపిరూపణ లైబ్రరీ ఉండవలెను. అది లేని పీడీఎఫ్ పరికరము ఆ పేరును పొల్లుతో విడదీసి, ఊరి పేరునే వికృతముచేసి ముద్రించును. పన్ను చెల్లించినవాని చేతికి అందు ఏకైక సాక్ష్యపత్రమున అతని పేరును, ఊరి పేరును శుద్ధముగా అచ్చుపడుట అలంకారప్రాయమైన విషయము కాదు. బ్యాంకు ఋణమునకో, రిజిస్ట్రేషనునకో ఆ కాగితమును చూపవలసిన దినము వచ్చును. తెలుగునాట కంటెయినర్లు కట్టువారు ఇమేజి పరీక్షలలో మొదటి పరీక్షగా "మాచర్ల", "శ్రీ", "లక్ష్మి", "రాష్ట్రము" వంటి పదములతో ఒక రసీదును అచ్చుపోసి చూడవలెను.

ఇక పలు కంటెయినర్లను కలిపి నడుపు సంగతి. ఒక విద్యార్థి మాచర్ల పట్టణమునకై చిన్న పన్ను అప్లికేషనును తన ల్యాప్‌టాపులో నిర్మింపదలచినాడనుకొందము. అతనికి వెబ్ పేజీలు చూపునది, పన్ను లెక్కించునది, చెల్లింపులు స్వీకరించునది, పోస్ట్‌గ్రెస్, కాఫ్కా, ఈ ఐదు కంటెయినర్లు చాలును. డాకర్ కంపోజ్ అను పరికరము కోరు యామల్ ఫైలునందు ఏ సర్వీసుకు ఏ ఇమేజి, ఏ పోర్టు, ఏ సెట్టింగులు, డేటా ఎచ్చట నిలువవలెను అను వివరములను వ్రాసి, "డాకర్ కంపోజ్ అప్" అని ఒక్క ఆజ్ఞ యిచ్చినచో, వానికి ఒక ప్రత్యేక నెట్‌వర్కు ఏర్పడి అన్నియు లేచును. ఆ నెట్‌వర్కులో సర్వీసు పేరే దాని చిరునామా. పన్ను సర్వీసు తన డేటాబేసును "పోస్ట్‌గ్రెస్" అను పేరుతో, 5432 పోర్టున పిలుచును. ఆ పేరునకు సరియైన అంకెల చిరునామాను డాకర్ అంతర్గతముగా అందించును. క్రొత్తవారు తమ పాత అలవాటు చొప్పున "లోకల్‌హోస్ట్" అని వ్రాసి, డేటాబేసు దొరకలేదను సందేశము చూచి దిగ్భ్రమ చెందుచుందురు. కంటెయినరుకు లోకల్‌హోస్ట్ అనగా అది తానే. ప్రక్కనున్న కంటెయినరు కాదు.

రెండవ చిక్కు ఆరంభక్రమమునకు సంబంధించినది. పన్ను సర్వీసు పోస్ట్‌గ్రెస్‌పై ఆధారపడునని ఫైలులో వ్రాసినంతమాత్రమున, పోస్ట్‌గ్రెస్ కంటెయినరు ముందుగా మొదలుపెట్టబడును గాని, అది ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు సిద్ధమైనదా లేదా యని ఎవరును విచారింపరు. దానికి ఆరోగ్యపరీక్ష యనునది వేరుగా వ్రాసి, ఆ పరీక్ష నెగ్గిన పిదపనే తక్కినవి లేవవలెనని నియమింపవలెను. ఆ నియమమును చాలునని నేననను. నడిరేయి డేటాబేసు ఒకసారి తెగి మరల వచ్చుట సంభవించును. అప్పుడు ప్రతి సర్వీసును తానుగా కొంత ఆగి, మరల ప్రయత్నించు స్వభావము కలిగియుండవలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కంటెయినరు తొలగింపబడినపుడు దాని లోపల వ్రాయబడినదంతయు నశించును. సర్వీసులకిది గుణమే: పాడైనదానిని పారవేసి అదే ఇమేజినుండి క్రొత్తదానిని లేపవచ్చును. డేటాబేసునకిది మరణము. కావుననే పోస్ట్‌గ్రెస్ ఫైళ్ళను కంటెయినరు వెలుపల వాల్యూమనబడు నిలువచోటునందు నిలుపవలెను. "డాకర్ కంపోజ్ డౌన్" అను ఆజ్ఞ వాల్యూములను ముట్టదు. దాని చివర వీ అను ఒక్క అక్షరపు గుర్తు చేర్చినచో వానిని కూడ తుడిచివేయును, ఏండ్ల పన్ను లెక్కలతో సహా. అట్లే ఇమేజి పేరునకు ఒక నిర్దిష్ట సంచిక వ్రాయక "లేటెస్ట్" అని విడిచిపెట్టుటయు ప్రమాదకరమే; ఒకనాడు క్రొత్త ప్రధాన సంచిక దిగివచ్చి, పాత సంచిక వ్రాసిన ఫైళ్ళను తెరువనని పోస్ట్‌గ్రెస్ మొరాయించును. వాల్యూము ఉన్నది గదా యని బ్యాకప్‌ను మరచుట మరియొక భ్రాంతి: వాల్యూమును ఆ యంత్రపు డిస్కుమీదనే ఉన్నది, డిస్కు చెడినచో రెండును పోవును.

కాలమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. సామాన్యముగా కంటెయినర్లు ప్రపంచ ప్రామాణిక కాలమును, అనగా మన కాలమునకు ఐదున్నర గంటలు వెనుకనున్న కాలమును పాటించును. ఏప్రిల్ 30 అర్ధరాత్రి దాటి, మే 1వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు ఒకడు పన్ను చెల్లించినచో, కంటెయినరు గడియారమునందు అప్పటికింకను ఏప్రిల్ 30 రాత్రి ఎనిమిదిన్నరయే. రాయితీ గడువు ముగిసినను ప్రోగ్రాము రాయితీ నిచ్చివేయును. రసీదుపై తేదీయు తప్పును. ఆడిటు నాడు గుమాస్తా సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును. దీనికి మందు గడియారమును మార్చుట కాదు. డేటాబేసులో ప్రామాణిక కాలమునే నిలిపి, గడువును నిర్ణయించునపుడును, రసీదు అచ్చువేయునపుడును భారత కాలమునకు మార్చుకొనవలెను. ఆల్పైన్ వంటి ఇమేజిలలో కాలమండలముల పట్టిక సైతము ఉండదు గనుక దానిని కూడ ఒక పొరగా చేర్పవలసియుండును.

మెమరీ హద్దు దాటిన ప్రాసెస్‌ను కెర్నెల్ నిర్దాక్షిణ్యముగా చంపును. అట్లు చచ్చిన కంటెయినరు చివర 137 అను సంఖ్యను విడిచిపోవును. జావా సర్వీసులకు ఈ దుర్గతి ఒకప్పుడు తరచుగా పట్టెడిది. కంటెయినరుకు విధించిన హద్దును గమనింపక, యంత్రములోని సమస్త మెమరీని చూచి, దానిలో నాల్గవవంతు తనదేయని పాత జావా లెక్కవేసికొనెడిది; 16 గిగాబైట్ల యంత్రములో 1 గిగాబైటు హద్దుగల కంటెయినరు లోపల కూర్చుండి 4 గిగాబైట్లకు ఆశపడెడిది. 2018 మార్చిలో వెలువడిన జావా 10నుండి ఈ లోపము తీరినది. పిదప జావా 8 యొక్క తరువాతి సవరణలకును అదే సంస్కారము అందినది. ఇప్పటికిని పాత ఇమేజిలను పట్టుకొని వ్రేలాడు కార్యాలయములలో ఏప్రిల్ చివరివారపు రద్దీలో 137 సంఖ్య కనబడినచో, మొదట ఈ సంగతిని విచారించుట మంచిది.

విడివిడి సర్వీసులున్నచోట, ఒకటి పడిపోయినపుడు తక్కినవి ఏమి చేయవలెనను ప్రశ్న తప్పదు. డిజిట్‌లో దీనికి కాఫ్కా సమాధానము. ఒక సర్వీసు తాను జరిపిన పనిని గూర్చిన వార్తను కాఫ్కాలో వ్రాసి తన పని ముగించుకొనును. పర్సిస్టర్ అను మరియొక సర్వీసు ఆ వార్తను చదివి పోస్ట్‌గ్రెస్‌లో వ్రాయును. ఇండెక్సర్ అనునది అదే వార్తను చదివి, వెదకుటకు అనువుగా ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఉంచును. పర్సిస్టర్ కొంతసేపు పడియున్నను వార్తలు నశింపవు. వేరుగా చెప్పనిచో కాఫ్కా వానిని 7 దినములవరకు నిలిపియుంచును. పర్సిస్టర్ లేచినపుడు తాను చదివిన మేరకు వేసికొన్న గుర్తునుండి మరల చదువ మొదలిడును. అయితే వార్తను డేటాబేసులో వ్రాసి, గుర్తు వేయుటకు ముందే అది కూలినచో, లేచిన పిదప అదే వార్తను రెండవసారి చదువును. అది చెల్లింపు వార్తయైనచో, ఒక ఇంటిపన్ను రెండు పర్యాయములు జమయైనట్లు ఖాతాలలో కనబడవచ్చును. కావున ప్రతి చెల్లింపునకును ఒక లావాదేవి సంఖ్య నిచ్చి, ఆ సంఖ్య రెండవసారి వచ్చినచో డేటాబేసే త్రోసిపుచ్చునట్లు నిబంధన విధింపవలెను. ఇది కంటెయినరు ఇచ్చు వరము కాదు, కుబర్నెటీస్ ఇచ్చు వరమును కాదు. ప్రోగ్రామరు బుద్ధితో చేయవలసిన పని.

కంపోజ్ ఒక యంత్రమునకు పరిమితమైనది. యంత్రములు పదియో ఇరువదియో ఉన్నపుడు, 2014 జూనులో గూగుల్ బహిరంగపరచగా 2015 జూలై 21న మొదటి సంచికగా స్థిరపడిన కుబర్నెటీస్ అవసరమగును. వసూళ్ళ సర్వీసుకు ఎల్లప్పుడు మూడు ప్రతులుండవలెనని దానికి వ్రాసియిచ్చినచో, ఒకటి కూలినపుడు వేరొకదానిని లేపును. ఒక యంత్రమే పోయినచో దానిలోనివానిని మరియొకచోట నిలుపును. ఏప్రిల్ చివరివారమున మూడును పది చేయుమన్నచో పది చేయును, మే నెలలో మరల తగ్గించును. వివాహ నమోదు సర్వీసును మాత్రము ముట్టదు.

ఇంత చెప్పిన పిదప నా నిర్ణయమును దాచుట తగదు. మాచర్ల ఒక్కదానికే అప్లికేషను కట్టువాడు నలుబది సర్వీసులుగా విభజించుట శక్తిని వృథాచేసికొనుటయే. సర్వీసుల నడుమ పిలుపు ఒకటి పెరిగినచో, అది విఫలమగు అవకాశమును ఒకటి పెరిగినట్లే. లోపము ఎచ్చట పుట్టినదో తెలిసికొనుటకు పది లాగులను, అనగా సర్వీసులు తమ నడకను నమోదుచేయు ఫైళ్ళను, వెదకవలసివచ్చును. ఒక పట్టణమునకు చక్కగా కట్టిన ఒక్క అప్లికేషను, ఒక్క డేటాబేసు, ఒక్క కంపోజ్ ఫైలు చాలును. రాష్ట్రమందలి పట్టణములన్నిటికి ఒకే వేదిక కావలసినపుడు, వేరువేరు బృందములు వేరువేరు భాగములను తమతమ వేగమున మార్చవలసివచ్చినపుడు, అపుడు మాత్రమే విభజన తన ఖర్చును తాను సంపాదించుకొనును. కంటెయినరు హద్దు గీయుటను చౌక చేసినది. హద్దు ఎచ్చట గీయవలెనో చెప్పలేదు. అది పరిపాలనా విధానమును ఎరిగినవారు, బిల్ కలెక్టరు కష్టమును, గుమాస్తా పద్దులను దగ్గరనుండి చూచినవారు చెప్పవలసిన మాట.

నరసరావుపేటలోను, మాచర్లలోను ఇంజనీరింగు చదువుచున్న యువకులకు ఒక మనవి. డిజిట్ మూలకోడు బహిరంగముగానే ఉన్నది. 8 గిగాబైట్ల మెమరీ గల ల్యాప్‌టాపులో దానిలోని నాలుగైదు సర్వీసులనైనను నడుపవచ్చును. వానిని లేపి చూడుడు. నడచుచుండగా పోస్ట్‌గ్రెస్‌ను ఆపి, తక్కినవి ఏమగునో లాగులలో చదువుడు. తెలుగు ఖతులు లేని ఇమేజిలో రసీదు అచ్చువేసి, ఖతులు చేర్చి మరల అచ్చువేయుడు. పురపాలక సంఘముల పెద్దలకును ఒక మనవి కలదు. సాఫ్టువేరు కొనుగోలు ఒప్పందములలో ధర, గడువు మాత్రమే గాక, మూలకోడును, డాకర్‌ఫైళ్ళను, కంపోజ్ లేక కుబర్నెటీస్ ఫైళ్ళను సంఘమునకు అప్పగింపవలెననియు, బ్యాకప్‌నుండి డేటాబేసును వేరొక యంత్రములో మరల నిలిపి మూడు నెలలకొకసారి చూపవలెననియు రెండు షరతులను వ్రాయించుడు. గుత్తేదారు మారినను, ఇంజనీరు మారినను, పట్టణపు పన్ను లెక్కలు ప్రజలవిగానే నిలుచుటకు ఆ రెండు షరతులు తప్పనిసరిగా ఉండవలెను.